ఉక్కు మీద నిలిచే గుర్తు

2024లో ఫణిగిరి తవ్వకాల్లో ఒక మట్టికుండ దొరికింది. ఫణిగిరి పాత నల్లగొండ జిల్లాలోని బౌద్ధ క్షేత్రం, ఇప్పుడు సూర్యాపేట జిల్లాలోకి వచ్చింది. కుండలో ఉన్నవన్నీ సీసం నాణేలు. లెక్కపెడితే 3,730 తేలాయి. ఒక్కొక్కటి సగటున 2.3 గ్రాములు. ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని గుర్తు. ఇవి ఇక్ష్వాకుల కాలం నాటివని పురావస్తు శాఖ చెప్పింది. పదహారు పదిహేడు వందల ఏళ్ల కిందట వేసిన గుర్తును మనం ఇవాళ చూసి పోల్చుకోగలుగుతున్నాం.

సీసం గోటితో గీసినా గీత పడేంత మెత్తటి లోహం. దాని మీద ఏనుగు నిలవడానికి రెండు కారణాలు ఉన్నాయి. గుర్తు లోహంలోకి దిగింది, పైపైన పూసింది కాదు. పైగా కుండలో దాగి ఉండడం వల్ల చేతుల రాపిడి తగల్లేదు. లోతు ఉండాలి, ఒరుసుకోని చోటు దొరకాలి. లోహం మీద గుర్తు నిలబెట్టాలని తర్వాతి కాలంలో మనుషులు పడ్డ పాట్లన్నీ ఈ రెండింటి చుట్టే తిరిగాయి. నేను చెప్పబోయేది నాణేల మీది గుర్తుల గురించి కాదు. లేత్ మిషన్ పక్కన అల్మారాలో ఉండే డ్రిల్ బిట్లు, ట్యాపులు, రీమర్లు, పంచ్‌లు, డైలు, పానాల మీది గుర్తుల గురించి. సీసం కంటే ఎన్నో రెట్లు గట్టివైన ఈ పనిముట్ల మీద పేరో నంబరో చెరగకుండా రాయడం ఎలా అన్నది చాలాకాలం మనిషికి చిక్కని పని.

ఊరి కమ్మరికి ఈ చిక్కు లేదు. కొలిమి దగ్గరున్న పట్టకార్లు, సుత్తెలు, శాణాలు అన్నీ ఆయన చేసుకున్నవే. ఏది ఎక్కడిదో చేతికే తెలుసు. పదునుకు వచ్చిన గొడ్డలిని చూసి ఎవరి ఇంటిదో చెప్పేవాడు. పనిముట్టుకు గుర్తు అవసరమైంది, ఒకేలా కనిపించే పనిముట్లు వందల కొద్దీ పుట్టినప్పుడు. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ మరల చుట్లకు ఒకే ప్రమాణం ప్రతిపాదించాడు. 1863లో అమెరికాలో స్టీఫెన్ మోర్స్ మెలి తిరిగిన డ్రిల్ బిట్టుకు పేటెంటు పొందాడు. ఇప్పటికీ మన లేత్ మిషన్ల టెయిల్‌స్టాక్‌లో ఉండే కోణపు రంధ్రాన్ని ఆయన పేరుతో మోర్స్ టేపర్ అంటాం. ఒక ఫ్యాక్టరీలో చేసిన బిట్టు ఇంకో ఊళ్లో, దాన్ని బిగించే చక్‌లో సరిగ్గా కూర్చుంటుంది. బాగానే ఉంది. కానీ 8.5 మిల్లీమీటర్ల బిట్టునూ 8.8 బిట్టునూ పక్కపక్కన పెడితే కంటికి తేడా దొరకదు.

ఆ తేడా ఎంత ఖరీదైనదో లేత్ మీద పనిచేసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. పది మిల్లీమీటర్ల మామూలు మర తియ్యాలంటే ముందు 8.5 బిట్టుతో రంధ్రం వేసి ట్యాప్ తిప్పుతారు. పొరపాటున 8.8 పడితే చుట్లు లోతు తక్కువై బోల్టు పట్టు తగ్గుతుంది. 8 పడితే ట్యాప్ బిగుసుకుని లోపలే విరుగుతుంది. విరిగిన ట్యాప్‌ను బయటికి తీయడం కంటే ఆ ముక్కను పారేసి కొత్తది మొదలుపెట్టడమే చాలాసార్లు తేలిక. ఇన్ని అనర్థాలకూ కారణం బిట్టు కాడ మీద చెరిగిపోయిన చిన్న అంకె. చక్‌లో బిట్టు ఒక్కసారి జారి తిరిగిందంటే ఆ అంకె ఉండే చోటే గీసుకుపోతుంది. గుర్తు వేయడానికి మెత్తగా, నున్నగా అనువైన చోటూ అదే, చక్ పట్టుకునే చోటూ అదే. అక్కడే ఉంది ఇబ్బంది.

పనిముట్లకు పేర్లు, నంబర్లు పెట్టి ఒక పద్ధతిలో అమర్చాలని పట్టుబట్టినవాడు ఫ్రెడరిక్ టేలర్ అనే అమెరికా ఇంజినీరు. పనిముట్లు కార్మికుల పెట్టెల్లో కాకుండా ఒక్క గదిలో ఉండాలన్నాడు. ప్రతి రకానికీ తేలిగ్గా గుర్తుండే అక్షరాల సంకేతం పెట్టాడు. అలాంటి గదుల నుంచి వచ్చిందే ఇత్తడి బిళ్లల పద్ధతి. కార్మికుడు తన నంబరున్న బిళ్ల ఇచ్చి రీమర్ తీసుకుంటాడు, రీమర్ ఉండాల్సిన మేకుకు ఆ బిళ్ల వేలాడుతుంది. రైల్వే వర్క్‌షాపుల్లో పనిచేసి రిటైరైన మన పెద్దవాళ్లకు ఈ టోకెన్లు బాగా గుర్తు.

అదే టేలర్, మాన్‌సెల్ వైట్‌తో కలిసి 1898 నుంచి 1900 మధ్య బెత్లెహెమ్ స్టీల్ కంపెనీలో హైస్పీడ్ స్టీల్‌కు దారి తీసిన వేడి పద్ధతిని కనిపెట్టాడు. ఎర్రగా కాలినా పదును పోని ఉక్కు అది. పనిముట్ల మీద గుర్తులు తప్పనిసరి చేసిన మనిషే, గుర్తు దిగడం కష్టమైన ఉక్కునూ ప్రపంచానికిచ్చాడు. ఈ కథలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఈ సంగతే. ఆ తర్వాత 1920లలో జర్మనీలో టంగ్‌స్టన్ కార్బైడ్ వచ్చింది, అది ఇంకా గట్టిది. పనిముట్టు గట్టిపడ్డ ప్రతిసారీ గుర్తు వేసేవాడు కొత్త దారి వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. తయారుచేసే ఫ్యాక్టరీకి అంత కష్టం లేదు. ఉక్కు మెత్తగా ఉన్నప్పుడే, అంటే కాల్చి నూనెలో ముంచి గట్టిపరచడానికి ముందే, అచ్చు దొర్లించి పేరూ కొలతా దింపేస్తుంది. కష్టమంతా కొనుక్కున్నవాడిది. అతని చేతికి వచ్చేసరికి పనిముట్టు గట్టిపడిపోయి ఉంటుంది. ‘ఇది నాది’, ‘ఇది మూడో మిషన్‌ది’, ‘దీన్ని రెండుసార్లు సాన పట్టాం’ అని రాసుకోవాల్సింది అతనే. సుత్తెతో అక్షరాల పంచ్ కొడితే ఏమవుతుంది? పంచ్ గట్టిదనమూ పనిముట్టు గట్టిదనమూ దాదాపు సమానం. పంచ్ మూతి చిట్లి ముక్క కంట్లోకి ఎగరొచ్చు. గుర్తు పడిందే అనుకుందాం, అప్పుడు ఇంకో అపాయం ఉంది. పదునైన అంచున్న అక్షరం ఉక్కులో చీలికకు మొదలు అవుతుంది. బరువు మోసే కొక్కేల మీద, విమానాల భాగాల మీద ఎక్కడ పడితే అక్కడ పంచ్ కొట్టనివ్వకపోవడానికి కారణం ఇదే. కొట్టక తప్పని చోట గుండ్రటి చుక్కలతో అక్షరం కూర్చే పంచ్‌లు వాడతారు.

పంచ్‌ల గురించి ఇంకో చిన్న మాట. దుకాణంలో అంకెల పంచ్ సెట్టు కొంటే అందులో తొమ్మిదే ఉంటాయి. ఆరును తలకిందులు చేస్తే తొమ్మిది కాబట్టి దానికి వేరే పంచ్ ఇవ్వరు. అందుకే 66 అని కొట్టిన డై అటు తిప్పితే 99 అవుతుంది. తెలిసిన ఫిట్టర్లు అంకె కింద చిన్న గీత పెడతారు. మామూలుగా దొరికే అక్షరాల సెట్లలో ఇంగ్లీషు పెద్ద అక్షరాలే ఉంటాయి. అందుకే మన ఊళ్లలో తెలుగు తప్ప రానివాళ్ల పానాల మీద కూడా ఇంగ్లీషు పొడి అక్షరాలే కనిపిస్తాయి.

పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో పనిముట్టుకు గుర్తు పెట్టడం పాత అలవాటే. సెంట్రింగ్ పని చేసే మేస్త్రీ ఇనుప రేకులు, జాకీలు కిరాయికిస్తాడు. ఒకే స్లాబు కింద ఇద్దరు ముగ్గురు మేస్త్రీల రేకులు కలుస్తాయి. రంగు వేస్తే సిమెంటు, డీజిలు తగిలి వారంలో పోతుంది. వెల్డింగ్ రాడ్డుతో ఇంటిపేరు పొడి అక్షరం ఉబ్బెత్తుగా పోస్తే అది రేకు ఉన్నంతకాలం ఉంటుంది. వెల్డింగ్ అక్షరాన్ని దొంగ కూడా గ్రైండర్ లేకుండా తీయలేడు. రాత్రిళ్లు పొలాల్లో మోటార్లు, స్టార్టర్లు మాయమయ్యే కాలంలో రైతు తన సబ్‌మెర్సిబుల్ మోటారుకు గుర్తు పెట్టించుకోవడం మామూలైంది. వైండింగ్ దుకాణంలో ఒకే కంపెనీ మోటార్లు వరుసగా పేర్చి ఉన్నప్పుడు, ఎవరిది ఎవరికి పోవాలో తేల్చేది ఆ గుర్తే. రేకు లాంటి మెత్తటి ఇనుముకు వెల్డింగ్ చాలు. గట్టిపరచిన డ్రిల్ బిట్టుకు వెల్డింగ్ పెడితే ఆ వేడికి దాని పదునే పోతుంది, పగిలినా పగులుతుంది.

బోరు బండి దగ్గరికి వెళ్తే ఈ సంగతి ఇంకో మలుపు తిరుగుతుంది. మన నేల కింద ఉన్నది పాత గ్రానైటు. ఎక్కువగా ఆరున్నర అంగుళాల బోరు వేస్తారు. బిట్టు ముఖం మీద టంగ్‌స్టన్ కార్బైడ్ బటన్లు ఉంటాయి. అవి రాయిని పొడి చేస్తూ తామూ అరుగుతాయి, బిట్టు చుట్టు కొలత తగ్గుతూ పోతుంది. అరిగిన బిట్టుతో కొంత లోతు వెళ్లాక కొత్త బిట్టు దించితే అది నడుమ ఇరుక్కుంటుంది. కింది రంధ్రం సన్నబడి ఉంటుంది కదా. కాబట్టి పెద్దది ముందు, చిన్నది తర్వాత దించాలి. ఏ బిట్టు ఎంత అరిగిందో తెలియకపోతే బిట్టూ పోతుంది, దాన్ని కొట్టే హ్యామరూ పోతుంది, రైతు అప్పు చేసి తెచ్చిన డబ్బుతో వేసిన బోరూ పోతుంది. ఫ్యాక్టరీ కొట్టిన కొలత మొదటి రోజు కొలత మాత్రమే. ఇక్కడ చెరగని గుర్తుగా కొలత రాస్తే అది కొన్నాళ్లకు అబద్ధమవుతుంది. చెరగకుండా ఉండాల్సింది నంబరు. కొలత పుస్తకంలో ఉండాలి, వాడిన ప్రతిసారీ మారాలి. మారని సంగతి ఉక్కు మీద, మారే సంగతి కాగితం మీద ఉండాలన్న ఈ విభజన టూల్‌రూమ్ పనిలో చాలామంది ఆలస్యంగా నేర్చుకునే పాఠం.

గట్టి ఉక్కు మీద అక్షరం దింపడానికి సుత్తె పనికిరాదని తేలాక మనిషికి మొదట దొరికింది ఆమ్లం. యూరపులో కవచాలు చేసేవాళ్లు పదిహేనో శతాబ్దం నాటికే ఉక్కుకు మైనం పూసి, సూదితో బొమ్మ గీసి, ఆమ్లం పోసేవారు. మైనం ఉన్నచోట ఉక్కు భద్రం, గీసిన చోట ఆమ్లం తినేస్తుంది. వర్క్‌షాపుల్లో నైట్రిక్ ఆమ్లంతో పేర్లు రాయడం అక్కడి నుంచి వచ్చిందే. ఉక్కు ఎంత గట్టిదైనా ఆమ్లానికి ఒకటే. గట్టిదనంతో పోటీ పడకుండా పక్కనుంచి పోయే దారి అది. కానీ ఆమ్లం ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. సరిగా కడగకపోతే వారం తర్వాత కూడా తుప్పు రూపంలో తింటూనే ఉంటుంది, పొగ ఊపిరితిత్తులకు చెరుపు. మన ఫిట్టింగ్ షాపుల్లో మైలతుత్తం నీళ్లు కూడా వాడతారు. ఉక్కు మీద పూస్తే ఎర్రటి పల్చని రాగి పొర కడుతుంది, దాని మీద గీసిన గీత మెరుస్తూ కనిపిస్తుంది. అది కోత గీతలు గుర్తు పెట్టుకోవడానికి మాత్రమే. గట్టిగా రుద్దితే పోతుంది.

తర్వాతి మలుపు వర్క్‌షాపులో కాదు, ఆఫీసులో వచ్చింది. 1876లో థామస్ ఎడిసన్ విద్యుత్ కలానికి పేటెంటు తీసుకున్నాడు. కలం తల మీద చిన్న మోటారు, కొసన వేగంగా పైకీ కిందికీ ఆడే సూది. దానితో కాగితం మీద రాస్తే అక్షరం వెంట సన్నటి రంధ్రాలు పడతాయి. ఆ కాగితం మీద సిరా రోలరు దొర్లిస్తే కింద ఎన్ని ప్రతులైనా వస్తాయి. ఆఫీసుల్లో కలం ఎక్కువకాలం నిలవలేదు. దాని వెనకున్న రెండు ఆలోచనలు మాత్రం చాలా దూరం వెళ్లాయి. ఒకటి, వేగంగా కొట్టే సూది. 1891లో న్యూయార్క్‌లో శామ్యూల్ ఓరైలీ ఆ నమూనా మీదే పచ్చబొట్టు యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. రెండోది, రంధ్రాల కాగితం, అంటే స్టెన్సిల్. మన బళ్లలో ప్రశ్నపత్రాలు ముద్రించిన సైక్లోస్టైల్ ఆ వంశానిదే. లోహం మీద గుర్తు వేసే పనిలోనూ ఈ రెండు ఆలోచనలూ రెండు వేర్వేరు దారుల్లో కనిపిస్తాయి.

మొదటి దారి మన ప్రతి ఇంటి వంటగదిలోకీ వచ్చింది. నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కలకో, మహబూబ్‌నగర్ బజారుకో వెళ్లి పెళ్లికి కానుకగా స్టీలు బిందె కొనండి. “పేరు కొట్టాల్నా?” అని దుకాణదారే అడుగుతాడు. ఒకప్పుడు చిన్న ఉలి, సుత్తె పట్టుకుని చుక్క పక్కన చుక్క కొట్టి ‘పెళ్లికూతురికి మేనమామ కానుక’ అని తేదీతో సహా రాసేవాళ్లు. ఇప్పుడు చేతిలో కరెంటు పెన్ను ఉంటుంది. లోపల తీగచుట్ట, దాని ముందు స్ప్రింగు మీద ఊగే ఇనుప పలక, కొసన గట్టి మొన. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు పూర్తిచేస్తుంది. ప్రతి ఆవృత్తిలో అయస్కాంతం రెండుసార్లు లాగుతుంది. అంటే మొన సెకనుకు 100 దెబ్బలు, నిమిషానికి 6,000 దెబ్బలు కొడుతుంది. ఒక్కొక్క దెబ్బ చిన్నది కాబట్టి పల్చని బిందె సొట్ట పడదు, అన్ని దెబ్బలు కలిసి అక్షరమవుతాయి. పంచ్ సెట్టులో లేని తెలుగు అక్షరం ఈ పెన్నుతో హాయిగా వస్తుంది. మన అమ్మమ్మల బిందెల మీద ఎవరి పెళ్లి ఏ తేదీన జరిగిందో ఇవాళ్టికీ చదవగలగడం చిన్న సంగతి కాదు. రిజిస్ట్రేషన్ కాగితాలు లేని ఎన్నో పెళ్లిళ్లకు రాతపూర్వక ఆధారం అదొక్కటే.

ఇదే పెన్నుకు టంగ్‌స్టన్ కార్బైడ్ మొన పెడితే గట్టిపరచిన ఉక్కు మీద కూడా రాస్తుంది. చిన్న లేత్ షాపులకు నేను మొదట చెప్పేది ఇదే. ధర తక్కువ, కరెంటు ఉంటే చాలు. లోపమేమిటంటే ఉక్కు గట్టిపడేకొద్దీ గీత పల్చబడుతుంది, అక్షరం అంచులు కాస్త పైకి లేస్తాయి. ఆ లేచిన అంచు కంటికి కనిపించదు, వేలికి తగులుతుంది. పనిముట్టు ఏదైనా గొట్టంలో బిగువుగా జారాల్సినదైతే ఆ అంచు గొట్టాన్ని గీస్తుంది. గుర్తు వేశాక నూనె రాయితో ఒక్కసారి రుద్దడం మరచిపోకూడదు.

రెండో దారి స్టెన్సిల్‌ది. ఉక్కు మీద రంధ్రాల కాగితం పెట్టి, సిరాకు బదులు ఉప్పు ద్రావణంలో తడిపిన మెత్త అద్ది, తక్కువ వోల్టేజి కరెంటు పంపిస్తే రంధ్రాలున్న చోట మాత్రమే ఉక్కు కరిగి ద్రావణంలోకి పోతుంది. మైకేల్ ఫారడే 1830లలో రాసిన విద్యుద్విశ్లేషణ సూత్రాలే దీనికి మూలం. పనిముట్టుకు ధన ధ్రువం, మెత్తకు ఋణ ధ్రువం. ఒక ఆంపియర్ కరెంటు ఒక నిమిషం పారితే, లెక్క ప్రకారం 17 మిల్లీగ్రాముల దాకా ఇనుము కరుగుతుంది. అక్షరాల గీతలన్నీ కలిపి 20 చదరపు మిల్లీమీటర్లుంటే అది మిల్లీమీటరులో పదోవంతు లోతు. ఆచరణలో కొంత తగ్గినా అది గట్టి గుర్తే. ఏకదిశ కరెంటు బదులు ఇంట్లో వచ్చే రకం ఏకాంతర కరెంటును తక్కువ వోల్టేజికి దించి పంపితే లోతు తక్కువ, కానీ అక్షరం నల్లగా తేలుతుంది. అందుకే పని తెలిసినవాళ్లు ముందు మొదటిది పెట్టి లోతు తీసి, తర్వాత రెండోది పెట్టి నలుపు తెస్తారు. దెబ్బ లేదు, వేడి లేదు, అంచు లేవదు, ఉక్కు ఎంత గట్టిదైనా లెక్కలేదు. పనిముట్ల మీద గుర్తు వేయడానికి మనిషి కనిపెట్టిన వాటిలో నాకు ఇదే అన్నిటికంటే గొప్పదిగా తోస్తుంది.

మంచి సంగతేమిటంటే దీన్ని పల్లెటూరి షాపులో కూడా చేసుకోవచ్చు. పనిముట్టును నూనె లేకుండా తుడిచి గోళ్ల రంగు పూయాలి. ఆరాక సూదితో నంబరు గీయాలి. గుప్పెడు ఉప్పు కలిపిన నీళ్లలో దూది ముంచాలి. పన్నెండు వోల్టుల బండి బ్యాటరీ ధన తీగ పనిముట్టుకు, ఋణ తీగ దూదికి తగిలించాలి. తీగ మధ్యలో ఒక హెడ్‌లైట్ బల్బు పెడితే పొరపాటున తీగలు తగులుకున్నా బ్యాటరీ కాలదు. అర నిమిషం చొప్పున రెండు మూడుసార్లు అద్దితే చాలు. తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి. ఉప్పు తడి మిగిలితే ఆ నంబరే తుప్పుకు దారి అవుతుంది. ఒక జాగ్రత్త తప్పనిసరి. ఉప్పు నీటితో ఇలా చేసేటప్పుడు క్లోరిన్ వాయువు రావచ్చు, స్టెయిన్‌లెస్ స్టీలైతే క్రోమియం విషపదార్థాలు కూడా పుట్టవచ్చు. చేతికి రబ్బరు తొడుగు వేసుకుని గాలి ఆడే చోటే చేయాలి. వాడిన నీళ్లు మొక్కల్లోనో మోరీలోనో పోయకూడదు.

ఈ గుర్తుల విలువ అన్నిటికంటే ఎక్కువగా తెలిసే చోటు మన పాలమూరులోనే ఉంది. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్. అక్కడి రైతులు భూములు పోగొట్టుకుని ఏళ్ల తరబడి పోరాడిన చరిత్ర మరచిపోదగింది కాదు. ఇవాళ ఆ నేల మీద మందుల ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. మాత్ర చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నది విలియం బ్రాకెడన్ అనే ఆంగ్ల చిత్రకారుడు, 1843లో. పెన్సిళ్లకు మంచి గ్రాఫైటు దొరక్క, దాని పొడినే అచ్చులో ఒత్తి గట్టి ముద్ద చేయాలనుకున్నాడు. అదే అచ్చులో మందు పొడిని ఒత్తితే మాత్ర అయింది. ఇప్పటి యంత్రంలో గుండ్రంగా తిరిగే బల్ల చుట్టూ పొడిని ఒత్తే పై పంచ్‌లు, కింది పంచ్‌లు, మధ్యలో డైలు పదుల సంఖ్యలో ఉంటాయి. ఎక్కువగా వాడే రెండు రకాల్లో ఒకదాని పంచ్ కాండం 19 మిల్లీమీటర్ల మందం, రెండోదానిది 25.4 మిల్లీమీటర్లు.

ఈ పంచ్ మీద రెండు గుర్తులుంటాయి. మూతి మీద అద్దంలో చూసినట్టు తిరగేసి చెక్కిన అక్షరాలు మాత్ర మీద పడతాయి. అవి రోగి కోసం, మందుల షాపు కోసం. ఆ అక్షరాల ఆకారం పెద్ద శాస్త్రం. ఇంగ్లీషు ఏ, బీ, ఆర్ అక్షరాలకూ సున్నాకూ లోపల మూసుకుపోయిన ఖాళీ ఉంటుంది. మందు పొడి ఆ ఖాళీలో అంటుకుని మాత్ర నుంచి ఊడిపోతుంది. అందుకే ఆ ఖాళీని వెడల్పు చేసి, లోతు తగ్గించి చెక్కుతారు. మన తెలుగు అక్షరాల్లో ఇలాంటి మూసిన సున్నలు అడుగడుగునా ఉన్నాయి. తెలుగులో మాత్ర పేరు చెక్కాల్సి వస్తే ఆ డిజైనరు చాలా ఆలోచించాల్సి ఉంటుంది.

రెండో గుర్తు ఆ పంచ్‌ను చూసుకునే టూల్‌రూమ్ మనిషి కోసం. ఏ మందుది, సెట్టులో ఎన్నో నంబరుది, పైదా కిందిదా అన్నది చెప్పాలి. పంచ్‌ల పనిచేసే పొడవులో మిల్లీమీటరులో కొన్ని వందోవంతుల తేడా వచ్చినా మాత్ర మందం, గట్టిదనం మారతాయి. ఎప్పటికప్పుడు ప్రతి పంచ్‌నూ కొలిచి నంబరు వారీగా పుస్తకంలో ఎక్కిస్తారు. బోరు బిట్టు దగ్గర చెప్పిన సూత్రమే ఇక్కడా: నంబరు ఉక్కు మీద, కొలత పుస్తకంలో. ఒక మందు పంచ్ ఇంకో మందు సెట్టులో కలిసిందంటే తప్పు పేరున్న మాత్ర మనిషి నోట్లోకి వెళ్తుంది. పంచ్ కాండం బల్ల రంధ్రంలో నిమిషానికి పదుల సార్లు పైకీ కిందికీ జారుతుంది. వణికే పెన్నుతో రాసి లేచిన అంచు వదిలేస్తే రంధ్రం గోడ గీసుకుపోతుంది, ఆ గీతల్లోంచి రాలిన ఇనుము మందులో కలుస్తుంది. గుర్తు ఎంత లోతుగా ఉంది అన్నదానికంటే ఎక్కడ ఉంది, అంచు నున్నగా ఉందా అన్నది ముఖ్యమైన పని ఇది.

ఇలాంటి చోటికి సరిపోయింది లేజరు. 1960 మే 16న కాలిఫోర్నియాలో థియోడర్ మైమన్ మొదటి లేజరును వెలిగించాడు. మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ 1964లో బెల్ లేబొరేటరీలో కార్బన్ డయాక్సైడ్ లేజరు తయారుచేశాడు. దాని కాంతిని చెక్క, ప్లాస్టిక్ బాగా పీల్చుకుంటాయి. మెరిసే లోహం మాత్రం తిప్పికొడుతుంది. లోహం పీల్చుకునే కాంతినిచ్చేవి ఆ తర్వాత నిలదొక్కుకున్న నియోడైమియం, ఫైబర్ లేజర్లు. ఇప్పుడు చిన్న ఫైబర్ లేజర్ మిషన్లు నగలకు హాల్‌మార్క్ వేసే కేంద్రాల్లో కూడా ఉన్నాయి. 2021 జులై నుంచి బంగారు నగ మీద వేస్తున్న ఆరు అక్షరాల, అంకెల హెచ్‌యూఐడీ సంకేతం కంటికి సరిగా కనిపించనంత చిన్నది. భూతద్దంలో చూస్తే తేటగా చదవొచ్చు.

లేజరంటే చెరగదన్న నమ్మకం మాత్రం పూర్తిగా నిజం కాదు. తక్కువ శక్తితో కొడితే లేజరు ఉక్కు పైపొరను వేడిచేసి రంగు మాత్రమే మారుస్తుంది. ఆ నల్లటి అక్షరం చూడ్డానికి అందంగా ఉంటుంది, గరుకు కాగితంతో నాలుగుసార్లు రుద్దితే పోతుంది. నిలవాలంటే ఒకే చోట చాలాసార్లు తిప్పి లోతు తీయాలి. డబ్బు పెట్టి గుర్తు వేయించేవాళ్లు లోతు కావాలని అడిగి వేయించుకోవాలి. పెద్ద ఫ్యాక్టరీలు ఇప్పుడు చిన్న చిన్న నలుపు తెలుపు గళ్ల సంకేతాలను చెక్కిస్తున్నాయి. ఆ గళ్లలో కొన్ని గీసుకుపోయినా మిగిలినవాటి నుంచి కెమెరా మొత్తం నంబరును లెక్కగట్టి చదువుతుంది. ఆ రకం గుర్తు కొంత చెరిగినా పనిచేస్తుంది.

హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి నడుస్తున్న కేంద్ర టూల్ డిజైన్ సంస్థ, దాని చుట్టూ పెరిగిన వందల చిన్న షాపులు మన రాష్ట్రంలో ఈ విద్యకు నిలయాలు. నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి వెళ్లిన పిల్లలు ఎందరో అక్కడ మిల్లింగ్ మిషన్ల మీద, గ్రైండర్ల మీద పనిచేస్తున్నారు. కోత, కొలత, పదును గురించి వాళ్లకు నేర్పినంత శ్రద్ధగా గుర్తు గురించి నేర్పడం చాలా చోట్ల కనిపించదు. మార్కర్ పెన్నుతో రాసి వదిలేయడం, నూనె తగిలి అది పోయాక వెర్నియర్ పట్టుకుని మళ్లీ కొలుచుకోవడం రోజువారీ పని అయిపోయింది. ఆ కొలిచే సమయం, తప్పు కొలతతో పాడైన ముక్కలు, విరిగిన ట్యాపులు చిన్న షాపు లాభంలో నుంచే పోతాయి.

ఐటీఐలలో బోధించే అయ్యవార్లకూ, సొంత షాపు నడుపుతున్న మేస్త్రీలకూ నా మనవి ఒకటే. ఫిట్టర్, టర్నర్ పిల్లలకు మొదటి నెలలోనే ఒక పాత డ్రిల్ బిట్టు, ఒక గోళ్ల రంగు సీసా, ఒక బ్యాటరీ ఇచ్చి దాని మీద నంబరు దింపడం నేర్పండి. చక్ పట్టని చోటు, గొట్టంలో జారని చోటు, సాన రాయి తాకని చోటు ఏదో వాళ్లనే వెతకమనండి. మీ షాపులో కొత్తగా చేయించే డైకి నంబరు, గట్టిపరచడానికి పంపక ముందే కొట్టించండి. పక్కన ఒక పుస్తకం పెట్టి ఆ నంబరు కింద కొలత రాయడం ఇవాళే మొదలుపెట్టండి.